వంతెనల నాడి పట్టే మేస్త్రి

నిండు బస్సును బొటనవేలితో ఆపినవాడు ఆ జిల్లా మొత్తానికి ఒక్కడే. ఆపడమే కాదు, అదే వేలితో దాన్ని అరమైలు వెనక్కి నెట్టాడని కూడా చెబుతారు. నమ్మనివాళ్ళు వెళ్ళి ఆ వేలు చూసుకోవచ్చు. గోరు నల్లబడి, కొస చెక్కముక్కలా కాయకట్టి ఉంటుంది.

ఆయన వంతెనల మేస్త్రి. జనం పెట్టిన పేరు సుత్తి. రోజుకు పది మాటలు మాట్లాడని మనిషికి ఆ పేరేమిటని కొత్తవాళ్ళు నవ్వుతారు గానీ, ఆయన సంచిలోంచి అసలు సుత్తి బయటికొచ్చాక నోరు మూస్తారు. తొమ్మిది పాత వంతెనలు ఆయన చేతికింద ఉండేవి. మూడు కాంక్రీటువి. ఆరు ఇనుపవి, తాతల కాలంలో దూలాల్ని త్రికోణాలుగా పేర్చి రివిట్లతో బిగించినవి. సైకిలు గట్టున పడేసి, దూలం కిందికి దూరి, రివిట్టు తలకు ఒక పక్క ఎడమ బొటనవేలు ఆనించి, రెండో పక్క సుత్తితో తట్టేవాడు. బిగువుగా ఉన్నది గంటలా మోగుతుంది. వదులైనది దగ్గినట్టు చప్పుడు చేసి, వేలికింద చీమంత కదులుతుంది.

"ఇనుము మంచిదే," అనేవాడు భార్యతో. "జబ్బు చేస్తే మొహం మీదే తుప్పు కారుస్తుంది. కాంక్రీటు అలా కాదు, అంతా కడుపులో పెట్టుకుంటుంది."

"నా తొమ్మిదిమంది సవతుల జబ్బులు తరవాత చూద్దురుగానీ, ముందు ఆ వంటింటి గోడ సంగతి చూడండి," అనేది ఆవిడ. ఆ గోడ నెర్రె ఇప్పటికీ అలాగే ఉంది.

ఆ తొమ్మిదింటిలో పెద్దది నదిమీది ఇనుప వంతెన. దానికి నూరేళ్ళు నిండాయని పైవాళ్ళు సభ తలపెట్టి, వెండిరంగు వేయించారు. రంగు వెయ్యకముందు రివిట్లన్నీ తట్టి చూడాలి. సుత్తి పట్టుకుని బయల్దేరిన మేస్త్రిని పెద్ద ఇంజనీరు గట్టుమీదే ఆపాడు.

"సభ రేపయ్యా! ఇప్పుడు నువ్వు తడుతూ కూర్చుంటే రంగెప్పుడు వేస్తారు?"

"వేశాక తట్టమంటారా?"

"పెళ్ళికూతురి బుగ్గమీద సుత్తి పెడతావటయ్యా? కొన్నాళ్ళు వదిలెయ్."

మేస్త్రి సుత్తి సంచిలో పెట్టేశాడు. కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో ఆయన చెప్పలేదు, ఈయన అడగలేదు.

రెండో వానాకాలం చివర, వరద తీసిన ఒక గురువారం పొద్దున, మనసాగక మేస్త్రి వంతెన కిందికి దిగాడు. తొలి స్తంభం మీద దూలాల్ని కలిపే పలకకు ఇరవైరెండు రివిట్లు. వేలు పెట్టి తట్టాడు. పద్నాలుగు కదిలాయి. గోటితో గీకితే వెండిరంగు పొరలా లేచింది. దాని వెనక తుప్పు తడిమట్టిలా చేతికి అంటుకుంది. మేస్త్రి అక్కడే రాయిమీద చతికిలబడ్డాడు. వేడుక కోసం వేసిన రంగు ఏడాదిన్నరగా జబ్బును దాచిపెట్టింది.

ఇంజనీరుకు ఫోన్ చేశాడు. "సోమవారం వచ్చి చూస్తాను. అందాకా బళ్ళు మెల్లగా పోనివ్వు. మూసెయ్యడానికి నీకు అధికారం ఎక్కడిది?" అన్నాడాయన.

తొమ్మిదిన్నర బస్సు వచ్చే వేళయింది. దాన్ని నడిపేది మేస్త్రి అక్క మొగుడు. తల్లి పోయాక అక్కాబావలే మేస్త్రిని పెంచారు. సైకిలు నేర్పింది ఆ బావే. వంతెన మూస్తే నలభై కిలోమీటర్లు చుట్టు తిరగాలి, ఆ రూటు ఎత్తేస్తారు. రెండేళ్ళలో రిటైరయ్యే బావను ఏ మూల డిపోకో విసిరేస్తారు. మోకాళ్ళు పట్టేసిన అక్క వెంట వెళ్ళలేదు.

మేస్త్రి రోడ్డు మధ్యకొచ్చి చెయ్యెత్తాడు. బస్సు కీచుమంటూ ఆగింది.

"ఏరా బావమరిదీ, నా పెళ్ళికి అడ్డం రానివాడివి నా బస్సుకు అడ్డమొచ్చావేంట్రా?"

"ఇది దాటకూడదు బావా."

"కాగితమేదీ?"

"లేదు."

"కాగితం లేకుండా నా కూడు తీస్తావన్నమాట. మీ అక్కకు నువ్వే చెప్పుకుంటావా?"

కిటికీలోంచి గుడ్లబుట్ట ముసలమ్మ తల బయటపెట్టింది. "కట్టుకున్నదాని కంటే దీనికే ఎక్కువ చాకిరీ చేశావు గదా నాయనా, నీ మాట వింటుందిలే. ఈ ఒక్క ట్రిప్పు పోనియ్యరాదూ!"

బస్సంతా నవ్వింది. మేస్త్రి నవ్వలేదు. "ఒక్కసారి దిగిరా బావా. నీ వేలు పెట్టి చూడు. తరవాత నీ ఇష్టం. వెళ్తానంటే పక్కకు తప్పుకుంటాను."

బావ తిట్టుకుంటూనే గట్టు దిగాడు. మేస్త్రి ఆయన బొటనవేలు పట్టుకుని రివిట్టు పక్కన ఆనించి, అవతల నుంచి తట్టాడు. బావ చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. కాసేపటికి మళ్ళీ తనే వేలు పెట్టాడు.

"ఇంకోటి," అన్నాడు.

ఇంకోటి కొట్టాడు. ఇంకోటి. ఆరోదాని దగ్గర బావ వేలు తీసేసి పంట్లాంకు తుడుచుకున్నాడు. పైకెక్కి సీట్లో కూర్చున్నాడు. బండి తిప్పే చోటు లేదక్కడ. అద్దంలో చూసుకుంటూ అరమైలు వెనక్కే నడిపించాడు.

సోమవారం ఇంజనీరు వచ్చి, చూసి, మొహం మాడ్చుకుని వంతెనకు గేట్లు పెట్టించాడు. రూటు ఎత్తేశారు. బావ ఆరుగంటల దూరం డిపోకు వెళ్ళి, పదిహేను రోజులకోసారి ఇంటికొచ్చేవాడు. అక్క తమ్ముడికి అన్నం పెట్టేది, కూర వడ్డించేది, మాట మాత్రం పెట్టేది కాదు. ఆ రెండేళ్ళూ మేస్త్రి ఆదివారం ఆదివారం వెళ్ళి, ఆ నిశ్శబ్దంలోనే భోంచేసి వచ్చేవాడు.

మేస్త్రి రిటైరైన రోజు ఆఫీసు గదిలో చిన్న సభ జరిగింది. బావ ముందు వరసలో కూర్చున్నాడు. ఆయన పక్కన, ఎవరూ అనుకోని విధంగా, అక్క కూడా వచ్చి కూర్చుంది. అదే ఇంజనీరు లేచి, వరద పొంగుతుంటే ఈ మహానుభావుడు ఒంటిచేత్తో బస్సును ఆపి అరవైమందిని కాపాడాడని గొంతు వణికిస్తూ చెప్పాడు. చప్పట్లు మోగాయి. రెండు మాటలు చెప్పమన్నారు. మేస్త్రి లేచి, అక్కవైపే చూస్తూ మాట్లాడాడు.

"వరద అప్పటికే తీసిందండీ. బస్సులో ఉన్నది పదకొండుమంది, ఆపింది మా బావ. నేను ఏడాదిన్నర సుత్తి పెట్టలేదు. ఆ ఏడాదిన్నరా ఆయన రోజుకు నాలుగుసార్లు ఆ వంతెన మీదే వెళ్ళాడు."