రాధిని బడికి తోలిన ఏడు

మా ఆయన మొన్న కొనుక్కొచ్చిన బడిసంచి సోఫా మీదే ఉంది. పైన ప్లాస్టిక్ కవరు కూడా తీయలేదు, అయినా కొత్త రెక్సిన్ వాసన ఇల్లంతా పట్టేసింది. మావాడికి మూడేళ్ల రెండు నెలలు. ఆ సంచి వీపుకు తగిలిస్తే వాడి మోకాళ్ల దాకా వేలాడుతుంది. కర్నూలులో మేముండే వీధికి దగ్గరి బడివాళ్లు ఇచ్చిన దరఖాస్తులో అన్నీ నింపాను, ఒక్క ప్రశ్న తప్ప: 'మీ బిడ్డ పూర్తి వాక్యాలు మాట్లాడుతుందా?' మావాడు పలికే మాటలు ఇప్పటికీ వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. చెవులు బాగున్నాయి, ఇంకొన్నాళ్లు చూద్దామన్నారు డాక్టరు. చూస్తూ కూర్చుంటే సీటు పోతుందని మా ఆయన భయం. పంపితే ఏమవుతుందోనని నా భయం. నాకు ఇది కొత్త భయం కాదు. ఎనిమిదేళ్లప్పుడు ఒంట్లో చేరి, ఇన్నేళ్లుగా ఎక్కడో మూల కూర్చుని ఉన్నది, ఆ ప్రశ్న చదవగానే లేచి నిలబడింది.

మాది కడప జిల్లాలో ఎర్రగుంట్ల పక్కన నాపరాయి ఊరు. ఇంటి పైకప్పు నాపబండలే, కింద పరిచినవీ నాపబండలే, దొడ్డికి గోడ, ఎద్దుల మేత గాడి, స్నానాలగది తలుపుకు అడ్డం, అన్నీ నాపబండలే. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం వాకిట్లో కాలు పెడితే అరికాలు చుర్రుమనేది, అదే వసారాలో చెంప ఆనించి పడుకుంటే బండ చల్లదనం ఒళ్లంతా పాకేది. పొద్దు పొడిచింది మొదలు ఊరి చుట్టూ గనుల్లో ఉలి మీద సుత్తి పడే చప్పుడు, టంగు టంగుమని, ఆదివారం ఆగిపోతే చెవులకేదో వెలితిగా ఉండేంతగా అలవాటైన చప్పుడు వినబడుతూనే ఉండేది. రాయి తీసి వదిలేసిన పాత గనుల్లో ముంగారు వానలకు నీళ్లు నిలిచేవి. పైకి పచ్చగా, కదలకుండా, అద్దం పరిచినట్టుండే ఆ గుంతల లోతు ఎవరికీ తెలియదు. మా ఊరి అమ్మలు పిల్లలను బూచాడి పేరు చెప్పి బెదిరించేవాళ్లు కాదు, గని పేరు చెప్పేవాళ్లు.

ఇంట్లో పెత్తనం మా జేజిది, అంటే నాయనను కన్నతల్లిది. పొట్టి మనిషి, గట్టి గొంతు, నడుముకు సున్నపుకాయా వక్కాకూ తిత్తీ. పిల్లలు ఎదిగే ప్రతి మలుపుకూ ఆమె దగ్గర ఒక పిండివంట ఉండేది. బోర్లపడితే పూర్ణం ఓళిగలు, గడప దాటితే వడలు, తొలి అడుగుకు బెల్లం అత్తిరాసాలు, తొలి పలుకుకు చక్కెర చిలకలు. బెల్లం పాకం ముదురుతుంటే వచ్చే వాసన, నువ్వులు వేగుతుంటే వచ్చే చిటపట, వేడి అత్తిరాసాన్ని రెండు చెక్కల మధ్య పెట్టి నూనె పిండుతున్న జేజి ముంజేతుల మీద మెరిసే చెమట ఇప్పటికీ నాకు కళ్లకు కట్టినట్టున్నాయి. చెల్లెలు రాధి ఓళిగలు ఇంటింటికీ నేనే పంచాను. వడలు పంచాను, అత్తిరాసాలు పంచాను. చక్కెర చిలకలు మాత్రం జేజి జమ్మలమడుగు సంతలో తెచ్చి డబ్బాలో పోసి ఉట్టి మీద పెట్టింది గానీ వాటిని దించే రోజు రాలేదు.

రాధికి రెండేళ్లు నిండాయి, మూడు నిండాయి. మాట రాలేదు. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాశారు, మొక్కులు మొక్కారు, ఎవరో చెప్పారని కోడిపుంజు తాగి వదిలిన నీళ్లు తాపించారు. అది మాత్రం అన్నీ వినేది, పని చెబితే చేసేది, నవ్వేది, పలికేది కాదు. నేను గచ్చకాయలో తొక్కుడుబిళ్లో ఆడుకుంటుంటే అది వసారాలో కూర్చుని రెండు నాపచిప్పలు ఒకదానికొకటి తగిలించి చప్పుడు చేసేది. వంటింట్లోంచి జేజి పప్పుగుత్తితో సట్టి మీద రెండు దెబ్బలు కొడితే అది రెండు కొట్టేది, మూడు కొడితే మూడు. వాళ్లిద్దరూ అలా ఎంతసేపైనా ఆడుకునేవాళ్లు. అమ్మ ఆ చప్పుడు విన్నప్పుడల్లా కొంగు నోటికడ్డం పెట్టుకుని దొడ్లోకి పోయేది.

ఆ ఏడు రోడ్డు మీది పెద్ద ఊళ్లో ఇంగ్లీషు కాన్వెంటు పెట్టారు. రేకుల షెడ్డు, మూడు గదులు, గోడ మీద గులాబీ రంగు కుందేలు బొమ్మ. నన్ను మూడో తరగతిలో, రాధిని ఎల్‌కేజీలో చేర్చాలని నాయన పట్టుపట్టాడు. తోటి పిల్లల్లో పడితే మాట వస్తుందని ఆయన ఆశ. అది పెరిగేకొద్దీ ఊరు దానికి మూగది అని పేరు పెడుతుందన్నది ఆయన ఎవరికీ చెప్పని భయం. ఆ పొద్దు సంగటి ముందు జరిగిన మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి.

"మాటరాని బిడ్డను బడికి తోలేదేందిరా? ఆకలైతే చెప్తాదా, కడుపునొస్తే చెప్తాదా?" అంది జేజి.

"అక్క ఉంటాది గదమ్మా పక్కనే. ఇంట్లో పెట్టుకుంటే ఎప్పటికి వస్తాది మాట?"

"దాని చెయ్యి తలమీంచి చెవికి అందనీ. అప్పుడు తోలుదువు."

"ఆ కాలం పోయిందిలేమ్మా."

నాయన నా వైపు తిరిగి, "చెల్లెల్ని నువ్వు చూసుకోవల్ల, సరేనా మా?" అన్నాడు. సరే అన్నాను.

జీపులో ఇరవైమంది పిల్లల మధ్య రాధిని ఒళ్లో కూర్చోబెట్టుకుని పోయేదాన్ని. అది ఏడ్చేది కాదు, అదే నాకు ఎక్కువ భయం. మిగతా పిల్లలు తలుపు పట్టుకుని వేలాడి, టీచరు చీర లాగి, నేల మీద దొర్లి ఏడుస్తుంటే ఇది గోడకు వీపు ఆనించి, రెప్ప వేయకుండా నన్నే చూసేది. క్లాసులో నా మనసు పలక మీద ఉండేది కాదు, గోడ అవతలే ఉండేది. నీళ్లు తాగిందో లేదో, ఎవరైనా కొట్టారేమో, పాసుకు పోవాలంటే ఎలా చెబుతుందో. ప్రతి బెల్లుకూ పరుగెత్తి తొంగిచూసి, అది కనబడితే ఊపిరి పీల్చుకునేదాన్ని. ఆషాఢపు గాలికి రేకులు దడదడలాడుతుంటే నా గుండె చప్పుడేదో రేకుల చప్పుడేదో తెలిసేది కాదు.

చేరిన పదో రోజో పన్నెండో రోజో, మధ్యాహ్నం అన్నం బెల్లుకు పోయి చూస్తే రాధి లేదు. గిన్నె మూత తీయకుండా అలాగే ఉంది. టీచరు ఇరవై ఏళ్లు కూడా లేని పిల్ల. "నీకాడికే వచ్చిందనుకుంటిని గదా," అంది. అంటూనే ఆమె ముఖం తెల్లబోయింది. మూడు గదులు చూశాం, వంటపాక చూశాం, జీపు కింద చూశాం. బడి వెనక కంచె లేదు. తుమ్మచెట్లు దాటితే బండల దొంతులు, ఆ వెనక పాత గని.

"రాధీ! రాధీ!" అని అరుస్తూ పరుగెత్తాను. నాలుగడుగులు వేశాక కాళ్లు వాటంతటవే ఆగిపోయాయి. నేను ఎంత అరిచినా అది పలకదు. బతికి ఉన్నా పలకదు. ఆ మాట ఎనిమిదేళ్ల పిల్లకు నడిమధ్యాహ్నపు ఎండలో తట్టినప్పుడు ఒళ్లు ఎలా చల్లబడుతుందో నేను ఈ రోజుకీ సరిగ్గా చెప్పలేను.

గని అంచుకు పోయి చూశాను. పచ్చటి నీళ్లు, కదలిక లేదు. ఆ నీళ్లకేసి చూస్తూ ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. పక్క గనిలో రాయి కొడుతున్న కూలీలు పరుగున వచ్చారు. ఒకాయన నడుముకు మోకు కట్టుకుని నీళ్లలోకి దిగాడు. ఒకామె నన్ను కళ్లు కనబడకుండా తన పొట్టకు అదుముకుంది. ఆమె చీరంతా రాతిదుమ్ము వాసన. మునిగిన మనిషి పైకి తేలిన ప్రతిసారీ అందరూ ఒక్కసారిగా "ఉండాదా?" అని అడిగేవాళ్లు. "ల్యా" అని తల అడ్డంగా ఊపేవాడు. ఆ మాట విన్నప్పుడు బతికినట్టు ఉండేది, మళ్లీ మునగగానే చచ్చినట్టు ఉండేది.

ఎవరు కబురు చేశారో, చెనిక్కాయ విత్తనం వేస్తున్న చేలోంచి నాయన మోపెడ్ మీద వచ్చాడు, వెనక జేజి. నాయన బండి స్టాండు వేయలేదు, అలాగే పడేసి నీళ్లకేసి ఉరికాడు. ఇద్దరు పట్టుకున్నారు. అప్పటికి యాభైమంది చేరారు, దిక్కుకొకరు పేరు పెట్టి పిలుస్తున్నారు, ఆడవాళ్లు అప్పుడే గుండెలు బాదుకుంటున్నారు.

జేజి మాత్రం అంచుకు పోలేదు. చుట్టూ చూసింది. "నోర్మూయండప్పా అందురూ! మీ అరుపులకు బెదిరి యాడో నక్కినింటాది. ఏం గాలేదు నా బిడ్డకు," అంది. ఆ గొంతుకు నీళ్లలో ఉన్న మనిషి కూడా ఆగిపోయాడు. అంతమంది ఉన్నా గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. జేజి వంగి రెండు నాపచిప్పలు ఏరుకుని, దొంతుల మధ్య నిలబడి రెండు దెబ్బలు కొట్టింది. ఆగింది. ఏమీ లేదు. నాలుగడుగులు పక్కకు నడిచి మళ్లీ రెండు కొట్టింది. ఏమీ లేదు. నాయన నేల మీద కూలబడ్డాడు. జేజి ఇంకో దొంతి దాటి మూడు కొట్టింది.

నిలువుగా ఆనించిన పెద్ద బండల వెనక నుంచి, చాలా సన్నగా, మూడు.

ఆ సందులోకి పెద్దవాళ్లు పట్టరు. నన్నే పంపారు. రాధి మోకాళ్లు ముడుచుకుని కూర్చుని ఉంది. ముఖమంతా తెల్లటి దుమ్ము, చెంపల మీద రెండు చారలు, తడిసిన గౌను. ఉలి చప్పుడు విని ఆడుకుందామని వచ్చిందో, జేజి అక్కడే ఉందనుకుందో, ఎవరికీ తెలియదు. చేతిలో రాయి వదల్లేదు. నేను ముట్టుకోగానే మెడ వాటేసుకుని నా భుజం కొరికింది, అంత గట్టిగా పట్టుకుంది.

ఆ రోజుతో కాన్వెంటు మానేసింది. జేజి నాయనను తప్పుపట్టలేదు. నన్నూ ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని చాలా ఏళ్లు అనుకున్నాను. నేను ఊళ్లో పాత బడికే పోయాను, ఇంటికి వచ్చీ రాగానే సంచి పడేయకముందే రాధి ఎక్కడుందో చూసుకునేదాన్ని.

మాట ఆ చలికాలంలో వచ్చింది. జేజి పొయ్యి ముందు కూర్చుని ఎవరితోనో కబుర్లలో పడింది. వెనక నుంచి, "జేజీ, సంగటి మాడుతాంది," అని వినబడింది. నేనే అన్నాననుకుని జేజి "చూస్తాండాలేమే," అంది. నేను గడపలో నిలబడి ఉన్నాను, నోరు తెరవలేదు. జేజి తిరిగి నన్ను చూసింది, రాధిని చూసింది. సంగటి నిజంగానే మాడింది, ఎవరూ దించలేదు. ఆ రాత్రి అందరం ఆ మాడు సంగటే ఊరిబిండి పచ్చడితో తిన్నాం. చక్కెర చిలకలు చీమలు పట్టి, కరిగి, ముక్కులు తోకలు కలిసిపోయి ఉన్నాయి, వాటినే పంచాం. ఆరేళ్లకు, చెయ్యి తలమీంచి చెవికి అందాకే రాధి ఒకటో తరగతికి పోయింది. ఈ రోజు అనంతపురంలో బ్యాంకులో పనిచేస్తోంది. దానికి ఆ గని రోజు కొంచెం కూడా గుర్తులేదు.

జేజి పోయి పదేళ్లు దాటింది. ఆ పాత గనిని చెత్తతో పూడ్చారు, కాన్వెంటు షెడ్డులో సిమెంటు బస్తాలు పెట్టుకున్నారట. మావాడి తొలి అడుగును ఫోన్లో వీడియో తీశాం, అత్తిరాసాలు చేయడం నాకు రాదు.

నిన్న పొద్దున నాయనకు ఫోన్ చేసి అంతా చెప్పి, ఏం చేయమంటావని అడిగాను.

"నాకు తెల్దు మా. ఆ పొద్దూ తెల్దు," అన్నాడు.

"జేజికి తెలుసు గదా నాయనా. ఏం గాలేదని అంత గట్టిగా చెప్పె."

"ఆమెకు మాత్రం ఏం తెల్సు? ఆ పొద్దు ఇంటికొచ్చినాక దొడ్లో గాడి పట్టుకోని నిలబడింది. కాళ్లు వణుకుతాండాయి, నీళ్లు తాపిద్దామంటే పండ్లు కొట్టుకుంటాండాయి. మీకెవురికీ చెప్పొద్దనింది."

జేజికి భయం తెలియదనే ఇన్నేళ్లు నమ్మాను. ఆమె భయం మా కంటబడకుండా దాచుకున్నది కాబట్టే మేమందరం ఆమె చాటున నిలబడగలిగామని ఇప్పుడు తెలిసింది. అలా ముందు నిలబడే మనిషి ఇప్పుడు మా ఇంట్లో లేరు. ఉన్నది మేమిద్దరమే.

సాయంత్రం మా ఆయన వచ్చి చెప్పులు విప్పుతూనే, "రేపే ఆఖరు. ఏం జేద్దాం?" అని అడిగాడు.

"వచ్చే ఏడు తోలుదాం. ఏం గాదు," అన్నాను.

"తెలుసా నీకు?"

"తెలుసు," అన్నాను. ఆయన భుజాలు కొంచెం దిగాయి. ఒంగి పిల్లవాణ్ని ఎత్తుకున్నాడు. నేను కాఫీ పెడతానని వంటింట్లోకి పోయి, తలుపు దగ్గరగా వేసి, గట్టు రెండు చేతులతో పట్టుకుని కాళ్ల వణుకు ఆగేదాకా నిలబడ్డాను.