పుంజు లేని గుడ్లు

ఎమ్మెస్సీ జువాలజీ చదివిన నాకు పుంజు సంగతి ఒక అవ్వ చెప్పాల్సి వచ్చిందంటే ఇప్పటికీ సిగ్గే.

తొంభైల చివర. మేడ్చల్‌లో ఓ ప్రైవేటు కాలేజీలో జూన్ నుంచి పాఠాలు చెబుతున్నాను, అపాయింట్‌మెంట్ ఆర్డరు మాత్రం చేతికి రాలేదు. కోడి పిండంలో గుండె కొట్టుకోవడం పిల్లలకు కళ్లారా చూపిస్తే సంతకం పెడతానన్నాడు ప్రిన్సిపాల్. లేదంటే పెట్టె సర్దుకుని కాకినాడ బస్సెక్కడమే.

అత్వెల్లి దగ్గర కోళ్లఫారంలో డజను గుడ్లు కొని, అట్టపెట్టెలో బల్బు వెలిగించి, నాలుగు రోజులు బాలింతను చూసుకున్నట్టు చూసుకున్నాను. మంగళవారం ప్రిన్సిపాల్ ముందు ఒక్కొక్కటే పగలగొట్టాను. పన్నెండింటిలోనూ పచ్చసొనే. "సార్, ఉల్లిగడ్డ తెమ్మంటరా?" అన్నారెవరో వెనక బెంచీ నుంచి. ప్రిన్సిపాల్ నవ్వలేదు. శనివారం దాకా గడువిచ్చాడు.

ఆ సాయంత్రం ఇంటి ఓనరు అవ్వకు చెప్పుకుంటే కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. "ఏం సారువయ్యా! ఫారంల అన్నీ పెట్టలే ఉంటయి. పుంజు లేంది పిల్లెట్లయితది?"



అవ్వ ముందురోజే తన నాటు పెట్టను పొదగేసింది. గంపలో గుడ్లకు బొగ్గు గీతలు, ఉరుముకు చెడిపోకుండా పక్కన ఒక ఇనుప మేకు. ఒక్క గుడ్డిమ్మని బతిమాలాను. ఇస్తానంది, కానీ గుడ్డుతోపాటు తానూ వస్తానంది. "సూసినంక వాపస్ తెస్త. సంపితె ఊకోను."

శనివారం అవ్వ గుడ్డును పాత స్వెట్టరులో చుట్టి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని వచ్చింది. ల్యాబులో గుడ్డు లావు వైపు పెంకు కొంచెం తీశాను. లోపల పెసరగింజంత ఎర్రటి గుండె టకటకా కొట్టుకుంటోంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

ఇక ఆగలేదు నేను. "ఈ గుండెకు సొంత రక్తనాళాలు ఇంకా తయారవలేదు. పక్కనుంచి కణాలు పాకి వచ్చి గుండె మీద పరుచుకుంటాయి. అవి సన్నటి గొట్టాలై, ఒకదానితో ఒకటి కలిసి, చివరికి తామే వెళ్లి పెద్ద ధమనిలోకి దారి చేసుకుంటాయి. అప్పుడే ధమని రక్తం గుండె కండకు అందుతుంది."

అవ్వ అడ్డుపడింది. "అంటే గుండె పనిల ముందుగాల్నే చేరింది, తిండి ఎనుక దొరుకుతది. అచ్చం మా సారు లెక్కనే. జూన్ల చేరిండు, గిప్పటిదాంక కాయితం ఇయ్యలే."

ప్రిన్సిపాల్ వంగి మళ్లీ గుడ్డులోకి చూశాడు.

"ఆ నాళాలు దారి చేసుకోవడానికి ఇంకెన్ని రోజులు?"

"మూడు రోజులు పట్టొచ్చు సార్."

"మీ ఆర్డరు మాత్రం సోమవారమే" అన్నాడు.

పెంకు మీద ప్లాస్టరు అంటించి గుడ్డును పెట్ట కిందికి చేర్చాం. పిల్లయింది. అవ్వ దానికి సారు అని పేరు పెట్టింది. ఆ ఇంట్లో ఉన్నన్నాళ్లూ, ఆదివారం అవ్వ గిన్నెలో కోడికూర పంపితే, వాకిట్లో సారు కనిపించాకే నేను ముద్ద కలిపేవాణ్ణి.