ఆదరణ కూడికలో ఆనందమ్మ

ఉదయగిరి చుట్టుపక్కల పల్లెల్లో ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ ఆనందమ్మ అడుగు పెట్టని క్రైస్తవుల ఇల్లు లేదు. జ్వరమొచ్చినా, పెళ్లి కుదిరినా ఆమె వచ్చి ప్రార్థన చేయాల్సిందే. ఆ ప్రార్థన మొదలైందంటే పొయ్యి మీద కూర మాడినట్టేనని ఆడవాళ్లు నవ్వుకునేవాళ్లు. మనసు మంచిదే. నోటికే అడ్డూ అదుపూ లేదు.

అదే సంఘంలోని సుజన కూతురు జెస్సీ మెదడువాపుతో పోయింది. మూడోనాడు బంధువులూ సంఘస్థులూ చేరి ఇంటివాళ్లను ఓదార్చే ఆదరణ కూడిక పెట్టారు. ఓదార్పు మాట చెప్పమని ఆనందమ్మను లేపారు. ఆమె చెప్పిన ఓదార్పు ఇదీ: "దేవుడు ఊరికే బిడ్డను తీసుకుపోడమ్మా. ఏదన్నా పాపం దాచిపెట్టుకొనుంటే ఒప్పుకో." సుజన తల వంచుకుంది. ఆ తర్వాత చర్చికి రావడం మానేసింది. విశ్వాసం చాలని మనిషని ఆనందమ్మ ఆ తప్పు కూడా ఆమె మీదకే నెట్టేసింది.

తొంభయ్యారు ఎండాకాలంలో ఆనందమ్మ ఒక్కగానొక్క కొడుకు డేవిడ్‌రాజు ఆత్మకూరు నుంచి వస్తుంటే బస్సు బోల్తా పడింది. శవం ఇంటికొచ్చింది.

మోకరిస్తే చాలు, ఆమెకు తను అన్న మాటే వినబడేది. నేనేం పాపం దాచాను ప్రభువా అని వెతుక్కుంది. వెతికిన ప్రతిసారీ సుజన వంచుకున్న తలే కనబడింది. కడుపుకోతతో ఉన్న తల్లిని నలుగురిలో దోషిని చేసింది తనే. సిగ్గుతో చితికిపోయింది. ఊరందరి కోసం ప్రార్థించిన మనిషికి తన కోసం ఒక్క ముక్క రాలేదు. దేవుడిక తన మొహం చూడడని తేల్చుకుంది.

కొడుకు ఆదరణ కూడిక రోజు వాకిట్లో జంపఖానాలు పరిచారు. పాస్టరుగారు వాక్యం చదివి, "ఎవరన్నా ఓదార్పు మాట చెప్తారా?" అని అడిగారు. వెనక నుంచి సుజన లేచింది. అననీ, అనిపించుకోవాల్సిందే అనుకుంది ఆనందమ్మ.

"నాకు మాట్లాడను రాదు. ప్రార్థన చేస్తా," అని సుజన వచ్చి ఆమె పక్కనే మోకరించింది. "ప్రభువా, బిడ్డ పోయినందుకు ఈ పెద్దమ్మ తప్పేం లేదని నువ్వే ఆమెకు చెప్పు. నాకప్పుడు ఎవురూ చెప్పలా. చర్చికి రాకపోయినా ఇంట్లో నిన్నే అడిగినాను, నీతోనే పోట్లాడినాను. నువ్వు నన్ను తోసెయ్యలా. ఈమెనీ తోసెయ్యమాక."

అందరూ ఆమేన్ అన్నారు. ఆనందమ్మ సుజన చెయ్యి పట్టుకొని లేచి నిలబడింది. పాస్టరుగారు కూర్చోమన్నా వినలేదు. అప్పటి కూడికకు వచ్చినవాళ్లంతా ఎదురుగానే ఉన్నారు.

"జెస్సీ పోయింది సుజన పాపం వల్ల కాదు. ఆ పొద్దు నేనన్న మాట దేవుడిది కాదు, నాది. అందరూ ఇనండి," అంది గట్టిగా.

సుజన ఆమె భుజం మీద పడి భోరుమంది. ఇద్దరు తల్లులూ ఏడుస్తుంటే, ముగింపు ప్రార్థనకు లేచిన పాస్టరుగారు బైబిలు మూసి వాళ్ల పక్కనే మోకరించారు.