బూడిద అంటని జిగురు

మా మగ్గం గుంటకు ఎడమవైపు గోడలో చిటికెన వేలు పట్టేంత బొక్క ఒకటి ఉంది. దానిలోంచి నల్లటి జిగురు గొట్టం అంగుళం మేర బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. గొట్టం అంచున నాలుగైదు ఈగలు ఎప్పుడూ కాపలా కూర్చుంటాయి. చూడ్డానికి రెక్కలు మొలిచిన చీమల్లా ఉంటాయి. తేనెటీగలే, కానీ కుట్టవు. మరీ కోపమొస్తే జుట్టులో దూరి గీరుతాయి. మా అవ్వ వాటిని సన్నీగలు అంటుంది.

నాయన ఏటా గోడలకు సున్నం కొట్టేటప్పుడు ఆ గొట్టం చుట్టూ జానెడు మేర గుండ్రంగా వదిలేస్తాడు. తెల్లటి గోడ మీద ఆ మట్టిరంగు గుండ్రం చూసి, ఇంటికొచ్చినవాళ్లు "ఏమన్నా, ఆడికొచ్చేసరికి సున్నం అయిపాయనా?" అని అడుగుతారు. నాయన నవ్వి ఊరుకుంటాడు. నేను ఆయన పోలికే. ఎవరైనా ఏదైనా అడిగితే నవ్వి ఊరుకుని, జవాబు ఆ రోజు నోటుపుస్తకంలో రాసుకుంటాను.

మగ్గం మీద పోగు రాసుకుని రాసుకుని నాయన వేళ్ల సందుల్లో చర్మం చీలుతుంది. అప్పుడు అవ్వ గొట్టం కొసన శనగగింజంత జిగురు గిల్లి, దీపం సెగకు మెత్తబరిచి ఆ చీలికలో అదుముతుంది. రెండు రోజులకు నాయన మళ్లీ మామూలుగా పోగుల మధ్య అటూ ఇటూ నాడె విసురుతాడు. ఏడాదికోసారి గోడలోని రాయి ఒకటి కదిపి, లోపల ద్రాక్షగుత్తిలా ఉండే మైనపు బుడ్డీల నుంచి స్పూనుడు తేనె తీస్తుంది. అది పుల్లపుల్లగా ఉంటుంది. మా ఇంట్లో దగ్గొచ్చినవాళ్లకే ఆ తేనె. చిన్నప్పుడు నేను దాని కోసం దొంగ దగ్గు దగ్గేదాన్ని.

ఆదోనిలో డిగ్రీ చివరి ఏడాదికి వచ్చాక మా మైక్రోబయాలజీ మేడం ఒక్కొక్కరిని ఒక్కో ప్రాజెక్టు చేయమన్నారు. నేను ఎమ్మిగనూరు నుంచి రోజూ బస్సులో వచ్చిపోయే దాన్ని, చివరి బెంచీ దాన్ని. అంశం చెప్పమంటే నోరు రాక చీటీ మీద రాసి ఇచ్చాను: "కుట్టని తేనెటీగల జిగురుకు సూక్ష్మజీవులను ఆపే శక్తి ఉందా?" మేడం అది పైకి చదివేశారు. క్లాసంతా నవ్వింది. ముందు బెంచీలోంచి ఒకమ్మాయి, "ఇంగ మనకు ఈగల డాక్టరమ్మ దొరికిందప్పా!" అంది.

మేడం మాత్రం నవ్వలేదు. "సరే, చెయ్యి. ఫలితం రాకుంటే మాత్రం అలమారలో పాత వేపాకు ప్రాజెక్టు ఉండాది. దాన్నే తిరగరాసి ఇచ్చెయ్యాల. నాకు టయానికి రికార్డు కావాల" అన్నారు.

ఆ వేపాకు ప్రాజెక్టు మా అందరికీ తెలుసు. ఏటా ఎవరో ఒకరు అట్ట మార్చి, పేరు మార్చి ఇస్తారు. దాని మీద నా పేరు పడటం నాకిష్టం లేదు. పైగా అవ్వ ఇన్నేళ్లు మా వేళ్లలో అదిమిన జిగురు ఉత్తదేనని కాలేజీ పుస్తకంలో తేలిపోయినట్టవుతుంది.

శ్రావణమాసంలో ఒక గురువారం జిగురు తీశాను. చాలా నీటుగా తీశానని గర్వపడ్డాను కూడా. మామూలుగా అయితే అది వేళ్లకు పట్టుకుని ఒక పట్టాన వదలదు. ఆ రోజు ఒక్క పిసరు కూడా అంటలేదు. బటాణీల్లా చిన్న చిన్న ఉండలు చేసి టిఫిన్ డబ్బాలో పెట్టుకుని బస్సెక్కాను. ఉరుకుంద స్వామి గుడికి పోయే జనంతో బస్సు కిక్కిరిసి ఉంది. టెంకాయల సంచితో నా పక్కన ఇరుక్కుని కూర్చున్న ఒక పెద్దమ్మ కాసేపు నా ఒళ్లోని డబ్బాను చూసింది.

"ఏమ్మే, అంత భద్రంగా పట్టుకోనుండావ్, స్వామికి ఏం తీస్కపోతాండావ్?"

"స్వామికి కాదు పెద్దమ్మా, కాలేజీకి. జిగురు."

"జిగురా? ఇంతమంది సదువుకున్నోళ్లు ఆడ ఏం అంటిస్తాండారు?"

వెనక సీట్లవాళ్లు కూడా నవ్వారు. నేనూ నవ్వి ఊరుకున్నాను.

ల్యాబులో చేసింది కష్టమైన పనేమీ కాదు. జిగురును తూచి, నల్ల సీసాలో స్పిరిట్ పోసి రెండు రోజులు నానబెట్టాం. వడగట్టిన ద్రవంలో చిన్న కాగితపు బిళ్లలు ముంచి ఆరబెట్టాం. పుండ్లకు చీము పట్టించే సూక్ష్మజీవులను గాజు ప్లేటులో పరిచి, వాటి మీద ఆ బిళ్లలు పెట్టాం. పోలిక కోసం ఒక పక్క మందుల షాపులో దొరికే మందు బిళ్ల, ఇంకో పక్క ఉత్త స్పిరిట్‌లో ముంచిన బిళ్ల. బిళ్లలో శక్తి ఉంటే దాని చుట్టూ సూక్ష్మజీవులు పెరగవు. తెల్లారి చూస్తే అక్కడ గాజులా తేటగా ఒక గుండ్రం కనిపిస్తుంది.

తెల్లారి చూశాను. షాపు మందు చుట్టూ గుండ్రం ఉంది. నా బిళ్లల చుట్టూ ఏమీ లేదు. సూక్ష్మజీవులు పాలమీగడలా బిళ్లల అంచుల దాకా పరుచుకున్నాయి.

"ఇంగ వేపాకే" అన్నారు మేడం, ప్లేటు పక్కన పెడుతూ. ఆమె గొంతులో ఎగతాళి లేదు, అందుకే ఇంకా బాధేసింది. అలమార తీసి ఆ పాత రికార్డు నా చేతిలో పెట్టారు.

ఇంటికొచ్చి అవ్వకు చెప్పాను. ఆమె చాట మీద బియ్యం ఏరుతూ తలెత్తలేదు.

"నువ్వేం తప్పు చేసినావో సూసుకోపో. ఈగలు వాటి పని అవి సరిగ్గానే చేసినాయి."

"నేనేం తప్పు చెయ్యలేదవ్వా. అంతా పుస్తకంలో ఉన్నట్టే చేసినా."

"పుస్తకంలో ల్యానిది కూడా ఏదో చేసింటావ్."

ఆ మాట పట్టుకుని నా నోటుపుస్తకం తీశాను. శ్రావణ గురువారం పేజీలో, బస్సులో పెద్దమ్మ అన్న మాటలకు పైన, నేనే రాసుకున్న వాక్యం కనిపించింది: "వేళ్లకు బూడిద అద్దుకుని ఉండలు చేశాను, ఎంత చక్కగా వచ్చాయో!"

మగ్గం మీద పడుగు, అంటే నిలువు పోగులు, అయిపోయినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా అతకాలి. రెండు పోగులను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి మెలి తిప్పాలి. చెమటకు వేళ్లు జారకుండా పక్కన చిప్పలో పొయ్యి బూడిద పెట్టుకుంటాం. నాలుగు పోగులకోసారి వేళ్లు అందులో అద్దుతాం. ఎనిమిదో తరగతి నుంచి నేను చేస్తున్న పని అది. సన్నని పని ఏది చేయాలన్నా నా చేయి దానంతటదే చిప్ప వైపు పోతుంది. ఆ రోజూ పోయింది. జిగురు అంటకపోవడానికి కారణం నా నేర్పు కాదు, బూడిద. నేను తూచిన ఉండల్లో ఎక్కువ పాలు బూడిదే అయ్యుండాలి. మిగిలిన కాస్త జిగురును కూడా అది పీల్చుకుని స్పిరిట్‌లోకి దిగనివ్వలేదేమో. వడగట్టినప్పుడు ద్రవం బూడిదరంగులో ఉందని కూడా రెండు పేజీల తర్వాత రాసుకున్నాను. రాసుకున్నాను గానీ ఎందుకలా ఉందని అడగలేదు.

మర్నాడు మేడం బల్ల మీద మళ్లీ చీటీ పెట్టాను. "మేడం, తప్పు జిగురుది కాదు. నా వేళ్లకున్న బూడిదది. ఇంకొక్కసారి చేయనివ్వండి. బూడిద కలిపినదీ, కలపనిదీ రెండూ ఒకే ప్లేటులో పెడతాను."

ఆమె చదివి, నన్ను దగ్గరికి పిలిచారు. "నోరుండి కూడా ఈ చీటీలేందమ్మా? చెయ్యి. కానీ ఈసారి గుండ్రం వచ్చినా రాకున్నా క్లాసు ముందర నిలబడి నువ్వే సెప్పల్ల. అట్లయితేనే."

నేను తల ఊపాను. "తల కాదు, నోరు" అన్నారు. "చెప్తాను మేడం" అన్నాను.

బూడిద లేకుండా ఆ జిగురును పట్టుకోవడం ఎలాగో అవ్వే చూపించింది. కడవలోని చల్లటి నీళ్లు గిన్నెలో పోసి, జిగురును అందులో వదిలింది. కాసేపటికి అది గట్టిపడింది. తడి చేతులతో తుంచితే పెళుసుగా విరిగింది.

"ఇంకొంచెం తీద్దామా అవ్వా?"

"సాలు. వాకిలంతా పీకేస్తే అవి యాడుంటాయి?" అని గొట్టం మిగతా భాగం ముట్టుకోనివ్వలేదు. పని అయ్యాక చూస్తే నా జుట్టులో మూడు ఈగలు ఉన్నాయి. అవ్వ వాటిని ఒక్కొక్కటిగా తీసి గోడ మీద వదిలింది.

ఈసారి ద్రవం తేనెరంగులో తేటగా దిగింది. ప్లేటులో నాలుగు బిళ్లలు పెట్టాను: షాపు మందు, ఉత్త స్పిరిట్, బూడిద కలిసిన జిగురు, కలవని జిగురు. వెనకవైపు గాజు మీద నాలుగు గుర్తులు రాశాను. మర్నాడు బస్సు దిగి కాలేజీ దాకా పరిగెత్తాను. నేను పరిగెత్తగా చూసిన వాళ్లు ఆదోనిలో ఎవరూ లేరు.

మేడం ముందే వచ్చి ప్లేటును వెలుగుకు పట్టుకుని చూస్తున్నారు. నన్ను చూడగానే దాన్ని నా చేతికిచ్చారు.

స్పిరిట్ చుట్టూ ఏమీ లేదు. బూడిద జిగురు చుట్టూ ఏమీ లేదు. నాలుగో బిళ్ల చుట్టూ, మీగడలాంటి ఆ పెరుగుదల మధ్య, సూది మొన కూడా వంక పెట్టలేనంత తేటగా ఒక గుండ్రం ఉంది. షాపు మందు చుట్టూ ఉన్న గుండ్రం కంటే ఇది చిన్నదే. అయినా గుండ్రమే. నేను మళ్లీ మళ్లీ గుర్తులు చూసుకున్నాను, పొరపాటున తిరగేసి పట్టుకున్నానేమోనని.

ఆ మధ్యాహ్నం క్లాసు ముందు నిలబడ్డాను. మొదటి వాక్యం ఎవరికీ వినపడలేదు. రెండోది ముందు బెంచీ దాకా పోయింది. బూడిద సంగతికి వచ్చేసరికి అందరూ నవ్వారు. అది నేనే నవ్వించాను కాబట్టి నాకు భయం వేయలేదు. ఆ తర్వాత గొంతు దానంతటదే లేచింది. ఈ ఈగలు చెట్ల బంక తెచ్చి మైనంలో కలిపి గూడు కట్టుకుంటాయనీ, చీకటిగా, వెచ్చగా, తేనెతో నిండి ఉండే ఆ గూడు కుళ్లకుండా బూజు పట్టకుండా ఉండేది బహుశా ఆ జిగురు వల్లేననీ చెప్పాను. మా గోడ గురించి చెప్పాను. నాయన వేళ్ల గురించి చెప్పాను.

నన్ను ఈగల డాక్టరమ్మ అన్న అమ్మాయే చేయి ఎత్తింది. "అయితే ఇంగ దెబ్బ తగిలితే ఆసుపత్రికి పోకుండా మీ ఇంటికి రావల్లనా?"

"వద్దు" అన్నాను. "ప్లేటు వేరు, మనిషి ఒళ్లు వేరు. ఈ గుండ్రం మందు కాదు. ఇక్కడ వెతకాల్సింది ఏదో ఉందని చెప్తాంది, అంతే. ఏ చెట్టు బంకలో ఆ శక్తి ఉండాదో, ఎంత పూస్తే చర్మానికి చెరుపు చెయ్యదో ఇంకా తెలియదు. అవి తెలిసేదాకా ఆసుపత్రికే పో. దగ్గొస్తే మాత్రం రా, మా అవ్వ దగ్గర పుల్లటి తేనె ఉండాది."

ఈసారి ఆ అమ్మాయే ముందు నవ్వింది, చప్పట్లు కొట్టింది కూడా. మేడం నాకిచ్చిన వేపాకు రికార్డు వెనక్కి తీసుకుని, అందరూ చూస్తుండగా అలమారలో పెట్టి తాళం వేశారు. తర్వాత నా రికార్డులో పద్ధతి రాసిన పేజీ దిద్దుతూ ఎన్నో వాక్యాలు కొట్టేశారు గానీ, "చేతులు చల్లని నీటితో తడుపుకోవాలి, బూడిద అద్దరాదు" అన్న వాక్యం కింద గీత గీసి ఉంచారు.

సాయంత్రం ఫోనులో ప్లేటు ఫొటో తీసుకుని ఇంటికి బయలుదేరాను. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, పక్కనున్న ఆమె అడగకముందే "ఇది సూడండి" అని చూపించాలనిపించింది. చూపించలేదు గానీ, అనిపించడమే నాకు కొత్త. ఇంటికొచ్చి పిలవగానే నాయన మగ్గం ఆపి గుంటలోంచి లేచాడు. అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుని ఫోను కళ్లకు దగ్గరగా పట్టుకుంది. తెల్లటి ప్లేటు మధ్యలో చిన్న బిళ్ల, దాని చుట్టూ తెలుపు రాని గుండ్రం.

చాలాసేపు చూసి, నాయన వైపు తిరిగింది.

"ఏమిరా, నువ్వు సున్నం కొట్టిన గోడ మాదిరే ఉండాదే!"

నాయన గోడనూ ఫోనునూ మార్చి మార్చి చూశాడు. ఈసారి నవ్వి ఊరుకోలేదు. "ఇప్పుడు అడగనీ ఎవరైనా, సున్నం అయిపాయనా అని" అన్నాడు.