రిజిస్టరులో కాపురం చేసిన పిన్ని

మా పిన్నికి యాభై రెండో ఏట పెళ్లి కుదిరింది. కుదిర్చింది ఎవరో కాదు, ఆవిడే కుదుర్చుకుంది. పెళ్లికొడుకు దుకాణాల్లో కాటాలు సరిచేసే ఆయన. తూకంలో గింజంత తేడా వచ్చినా సహించడు గానీ, మనుషుల ముందు నోరు విప్పమంటే ఆయనకు తల ప్రాణం తోకకొస్తుంది. చొక్కా గుండీ ఊడిందంటూ మూడేళ్లపాటు నెలకోసారి పిన్ని కుట్టు దుకాణానికి వచ్చాడు. ఒక్క మనిషికి అన్ని గుండీలు ఎలా ఊడతాయని అడిగే తెలివి నాకు లేకపోయింది. పిన్నికి ఉంది. ఒకరోజు గుండీ కుట్టి, దారం పళ్లతో తెంపి, "ఇక ఇది ఊడదు. మళ్లీ రావాలంటే వేరే కారణం చెప్పాలి" అంది. ఆయన చాలాసేపు చొక్కా వంకే చూసుకుని, అసలు కారణం చెప్పాడు.

ఇద్దరూ రిజిస్ట్రారు ఆఫీసుకు బయలుదేరితే తోడుగా నేనూ వెళ్లాను. నేను పిన్నికి అక్క కూతుర్ని, ఆ దుకాణంలోనే కాజాలు కుడతాను. కిటికీ వెనక కూర్చున్న గుమాస్తా దరఖాస్తు తీసుకుని, లోపలికెళ్లి పాత పుస్తకాలు తిరగేసి, ఒకటి చంకన పెట్టుకుని వచ్చాడు.

"మీకు పెళ్లయిపోయిందిగా అమ్మా" అన్నాడు.

"నాకా? ఎప్పుడు?"

"ఇరవై ఆరేళ్ల కిందట. మొగుడు సిటీ బస్సు డ్రైవరు. ఇదిగో, మీ సంతకమే."

సంతకం నిజంగానే పిన్నిది. నేను నోరెళ్లబెట్టాను. కాటాల ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ చూశాడు. పిన్ని మాత్రం బెంచీ మీద కూలబడి, కళ్లవెంట నీళ్లు కారేదాకా నవ్వింది. నవ్వెందుకొచ్చిందో మహాతల్లికి! నాకైతే ఒళ్లు మండిపోయింది.

ఆ బస్సు డ్రైవరు పిచ్చుకత్త మొగుడు. పిచ్చుకత్త పిన్నికి చిన్ననాటి నుంచీ ప్రాణ స్నేహితురాలు. గుప్పెడు మనిషి, క్షణం నోరు మూయదు, అందుకే ఆ పేరు. ఆవిడ పెళ్లి కూడా ఈ ఆఫీసులోనే జరిగింది. సాక్షిగా వెళ్లిన పిన్నికి, తీరా బల్ల ముందు కూర్చున్నాక, పెళ్లికూతురి రవిక చేతి దగ్గర కుట్టు విడిపోయి కనబడింది. విడిపోయిన కుట్టు కనబడితే పిన్ని చెయ్యి ఊరుకోదు. సంచీలోంచి సూది తీసి, పిచ్చుకత్త కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని కుట్టడం మొదలెట్టింది. అప్పటి గుమాస్తాకు భోజనం వేళ మించిపోతోంది. "ఆవిడ చెయ్యి ఖాళీ లేదుగా, ముందు మీరు చేసెయ్యండి" అని పుస్తకం తోశాడు. ఆయన వేలు పెట్టిన చోట పిన్ని సంతకం చేసింది. చెయ్యి ఖాళీ అయ్యాక పిచ్చుకత్త, మిగిలిన గీత మీద తనూ చేసింది. సంతకాలను బట్టి పేర్లు రాసేసి ఆ మహానుభావుడు భోజనానికి పోయాడు. ఇచ్చిన కాగితాన్ని డ్రైవరు మామయ్య మడత కూడా విప్పకుండా పెట్టె అడుగున దాచాడు. అంతే సంగతులు. పెళ్లికూతురు సాక్షి అయింది, సాక్షి పెళ్లికూతురయింది.

ఆ వారమంతా పిన్ని ఈ లోకంలో లేదు. మిషను తొక్కుతూ తొక్కుతూ ఆగిపోయేది. మధ్యాహ్నపు ఎండ తెరలోంచి వడగట్టుకుని దుకాణమంతా పలచగా పరుచుకునేది. ఆ వెలుగులో ఆవిడ చేతిలో గుడ్డ అలాగే ఉండిపోయేది.

"ఎలా ఉండేదంటావే?" అంది ఒకసారి.

"ఎవరు?"

"రిజిస్టరులో నేను. ఇన్నేళ్లూ నాకెవరూ లేరనుకున్నాను. సర్కారు లెక్కలో మాత్రం నాకో ఇల్లుంది, మనిషున్నాడు."

ఇక చెప్పుకుపోయింది. ఆ రిజిస్టరులో ఆవిడ గదికి కిటికీ తూర్పు వైపట. సాయంత్రం గుమ్మంలో చెప్పులు విప్పే చప్పుడు వినగానే పొయ్యి మీద నీళ్లు పెట్టేదట. జ్వరం వస్తే నుదుటి మీద చెయ్యి వేసే మనిషి ఉండేవాడట. పిన్ని జ్వరాలన్నీ నాకు తెలుసు. గోడ వైపు తిరిగి పడుకుని, ఎవరికీ కబురు పెట్టకుండా ఒక్కతే పడింది. కుడుతున్న కాజా మీదికి తల వంచుకున్నాను. అయినా బింకంగా, "మరి ఆ మొగుడి మొహం డ్రైవరు మామయ్యదేనా?" అని అడిగాను.

"ఛీ, నోర్ముయ్. మొహం కనబడదు. చేతిలో మాత్రం కాటా ఉంటుంది" అంది. మళ్లీ మిషను తొక్కబోతూ, "ఆ రిజిస్టరులో ఆవిడకి నా సంగతి తెలుసంటావా?" అంది.

ఆ అడిగిన తీరుకు నాకు భయమేసింది. "కుట్టు తప్పుతోంది, చూసుకో" అని కసిరాను.

రిజిస్ట్రారమ్మది నా వయసే. నెమ్మదైన మనిషి. తప్పు దిద్దడానికి దారి చెప్పింది. అసలు పెళ్లికూతురు వచ్చి, 'ఆ రోజు పెళ్లికూతుర్ని నేనే, నా ఇష్టంతోనే చేసుకున్నాను' అని తన ఎదుట చెప్పి సంతకం చెయ్యాలట. అది జరిగేదాకా పిన్ని పెళ్లి కుదరదట. ఓస్ ఇంతేనా, రెండు నిమిషాల పని అనుకున్నాం.

చెప్పిన రోజున అందరం ఆ గదిలో చేరాం. పిచ్చుకత్త మెట్లెక్కుతూ కూడా వాగుతూనే ఉంది. రిజిస్ట్రారమ్మ కాగితం చదివి వినిపించేసరికి ఆ నోరు ఠక్కున మూతపడింది.

"మొదటి మాట నిజం. రెండోది అబద్ధం" అంది.

"ఏమిటే నువ్వనేది?" అంది పిన్ని.

"నన్నెవరడిగారే? మా నాన్న పదమన్నాడు, వచ్చాను. దారంతా ఏడ్చాను. ఇక్కడైనా అడుగుతారేమో, అడిగితే వద్దని చెప్పేద్దామని గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాను. ఎవరూ అడగలేదు. సంతకం చాలన్నారు."

"నాతోనైనా చెప్పకపోయావా!"

"నువ్వు కుడుతూ తలెత్తలేదు."

పిన్ని మొహంలో నెత్తురు చుక్క లేదు. డ్రైవరు మామయ్య ఒళ్లో ఉన్న టోపీ వంకే చూస్తూ, "ఇన్నేళ్లూ ఇష్టం లేకుండానే ఉన్నావా?" అన్నాడు.

"అదేం మాట! ఇష్టం తర్వాత వచ్చింది. పెద్దదానికి ఫిట్స్ వస్తే, బస్సునిండా జనం తిడుతున్నా వినకుండా దారి మళ్లించి, ఆస్పత్రి గేటు ముందు ఆపావు చూడు, ఆ రోజు వచ్చింది. నాలుగో ఏడు."

"ఆ తేదీ వేసుకోండమ్మా" అన్నాడు మామయ్య.

రిజిస్ట్రారమ్మ తల అడ్డంగా ఊపింది. "అలా కుదరదండీ. పాత తేదీ ఉండాలంటే ఆనాటి ఇష్టం కావాలి. లేదంటే పాత నమోదు మొత్తం కొట్టేసి, ఇవాళ్టి తేదీతో కొత్తది రాయాలి."

నాకు ఓపిక నశించింది. "అత్తా, ఒక్క ముక్క అనేస్తే పోతుందిగా!" అన్నాను. ఎవరూ నా వంక చూడలేదు. పిన్ని కాటాల ఆయన వైపు చూసింది. ఆయన మెల్లగా, "అబద్ధం వద్దు" అన్నాడు.

"వద్దు. ఇరవై ఆరేళ్ల కాపురం నా కోసం చెరిపేసుకోవద్దు" అంది పిన్ని. "మేం ఇలాగే ఉంటాం. గుండీలు కుట్టించుకుంటూ వస్తూ పోతూ ఉంటాడు." దరఖాస్తు మడిచి సంచీలో పెట్టుకోబోయింది.

"కొట్టేయండి" అన్నాడు డ్రైవరు మామయ్య.

"పిల్లలకేం చెబుతాం?" అంది పిచ్చుకత్త.

"అమ్మా నాన్నా ఇవాళే పెళ్లి చేసుకున్నారని చెబుదాం. నవ్వితే నవ్వనీ" అన్నాడు.

ఎర్ర సిరాతో ఒక గీత పడింది. ఆ గీత కింద పిన్ని పేరు, పిన్ని సంతకం. తూర్పు కిటికీ గదిలో ఆ రిజిస్టరు పిన్ని పొయ్యి మీద నీళ్లు పెట్టి గుమ్మం వైపు తిరిగి ఉండాలి, అప్పటికి. "పాపం" అంది పిన్ని, నాకు మాత్రమే వినబడేట్టు. తర్వాత పిన్ని, పిచ్చుకత్త, మామయ్య ముగ్గురూ సంతకాలు పెట్టారు. గుమాస్తా పిన్ని చేతిలోంచి దరఖాస్తు తీసుకుని, మడత సాపు చేసి ముద్ర వేశాడు. కాటాల ఆయన ఊపిరి వదలడం గదంతా వినబడింది.

రిజిస్ట్రారమ్మ కొత్త పేజీ తీసింది. "ఈమెను పెళ్లి చేసుకోవడం మీకు ఇష్టమేనా?" అని మామయ్యను అడిగింది.

"ఇష్టమే."

"ఈయన్ని పెళ్లి చేసుకోవడం మీకు ఇష్టమేనా అమ్మా?"

పిచ్చుకత్త దగ్గర ఉలుకూ లేదు, పలుకూ లేదు. మామయ్య చేతిలో టోపీ నలిగిపోతోంది. పిన్ని కుర్చీలోంచి సగం లేచింది.

"వద్దనుకుంటే వద్దనొచ్చు. ఇక్కడ ఎవరూ ఏమీ అనరు" అంది రిజిస్ట్రారమ్మ.

పిచ్చుకత్త కళ్లు నిండిపోయాయి. "అడగండమ్మా" అంది. "ఇంకోసారి అడగండి."

రిజిస్ట్రారమ్మ కలం కింద పెట్టి, మొదటి నుంచీ మళ్లీ అడిగింది. పిచ్చుకత్త "ఇష్టమే" అంది, బయట వరసలో నిలబడ్డవాళ్లకు కూడా వినబడేలా.