కింది నుంచి గీసిన డిగ్రీ

మీరేం చదువుకున్నారని ఎవరైనా అడిగితే ఇప్పటికీ నాకు జవాబు తొందరగా రాదు. రంగులు చదివానంటాను. విన్నవాళ్లు బొమ్మలు వేయడం అనుకుంటారు. నేనూ దిద్దను. నిజానికి నేను చదివింది ఒకే ఒక్క రంగు, ఎరుపు. అదీ మా అవ్వ చిన్నప్పుడు చూసిన ఎరుపు.

మాది నల్లగొండకు బస్సులో ఒక పూట ప్రయాణమంత దూరంలో ఉన్న నేత ఊరు. మా నాన్న, బాపు అనేవాళ్లం, గుంత మగ్గం మీద రుమాళ్లు నేసేవాడు. నూలును నేయకముందే ముడులు కట్టి రంగులో ముంచడం మా ఇంటి పని. ముడి పడ్డ చోటు తెల్లగా ఉండిపోతుంది, మిగతాది రంగు తాగుతుంది. నాకు ఊహ తెలిసేసరికే రంగులు డబ్బాల్లో వస్తున్నాయి. నీళ్లు కాగబెట్టి, పొడి వేసి, నూలు ముంచితే పని అయిపోయేది. బాపు తల్లికి, అంటే మా అవ్వకు, ఆ డబ్బా ఎరుపంటే సయించేది కాదు. ఆమె తండ్రి చిరువేరు అనే మొక్క వేళ్లు ఉడకబెట్టి ఎరుపు తీసేవాడట. ఎలా తీసేవాడో ఆమెకు తెలియదు. ఆడపిల్లను రంగు గోలెం దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆరేసిన నూలు మాత్రం చూసింది.

"మా నాయిన ఎరుపు ఉతికినకొద్ది ఎక్కేది. గిప్పటియి ఉతికినకొద్ది దిగుతయి" అనేది.

పొద్దుటి ఎండలో నూలు కండెలు చుడుతూ ఆమె ఆ మాటలు చెబుతుంటే నేను పక్కన పడుకుని వినేవాణ్ణి. కళ్లు మూసుకుంటే రెప్పల మీద ఎండ పడి లోపలంతా ఎర్రగా అయ్యేది. ఆ రంగు ఇదేనేమో అనుకుంటూ నిద్రలోకి జారుకునేవాణ్ణి. నా చిన్నతనం సగం ఆ ఎరుపులోనే గడిచింది.

పెద్దవుతున్నకొద్దీ ఒక భయం పట్టుకుంది. ఆ రంగు చూసినవాళ్లలో మిగిలింది అవ్వ ఒక్కతే. ఆమె కళ్లకూ పొర కమ్ముతోంది. ఎవరైనా ఆ ఎరుపును మళ్లీ తీస్తే, ఔను ఇదే అని చెప్పగల మనిషి లోకంలో ఇంకొకరు లేరు. ఆమె చూపు ఉండగానే తీయాలి. నేను కాలేజీలో చేరింది అందుకే. నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు.

అరవైలు అప్పుడే మొదలయ్యాయి. నల్లగొండ కాలేజీలో సబ్జెక్టులు మూడేసి చొప్పున కట్టలు కట్టి ఇచ్చేవారు. నాకు కావలసినవి ఏ కట్టలోనూ కలిసి లేవు. రంగు ఎలా పడుతుందో తెలియాలంటే రసాయన శాస్త్రం కావాలి. ఏ వేరులో దాగుందో తెలియాలంటే వృక్షశాస్త్రం కావాలి. మా ఊళ్లలోంచి ఎందుకు మాయమైందో తెలియాలంటే చరిత్ర కావాలి. ఆఫీసులో గుమాస్తా నన్ను పైనుంచి కింది దాకా చూసి, ఏరుకోవడానికి ఇది కూరగాయల అంగడి కాదన్నాడు.

ప్రిన్సిపాల్ షేర్వానీ వేసుకునే పెద్దాయన, నెమ్మదస్తుడు. విద్యార్థి తన చదువును తానే కూర్చుకోవచ్చని యూనివర్సిటీ నిబంధనల్లో ఒక మూల ఉందని, ఇంతవరకూ ఎవరూ దాని జోలికి పోలేదని చెప్పాడు. మూడేళ్లలో ఏం చదువుతానో ఒక్క కాగితం మీద గీసి ఇమ్మన్నాడు. కమిటీ ఒప్పుకుంటే తనకేం అభ్యంతరం లేదట. "కోషిష్ జెయ్యి, పోయేదేముంది" అన్నాడు.

నాకు గీయడం వచ్చింది బాపు దగ్గర. బాపు డిజైను గళ్ల కాగితం మీద వేసేవాడు. మగ్గం మీద బట్ట నేసేవాడి ఒడి దగ్గర మొదలై ఆవలికి సాగుతుంది కనుక, కాగితం మీద కూడా మొదటి వరస అట్టడుగున ఉంటుంది. నేనూ అలాగే గీశాను. మొదటి ఏడు రసాయన శాస్త్రంలో ఓనమాలు, చరిత్ర అన్నీ అడుగున పెట్టాను. వాటి మీద రెండో ఏటి మొక్కల చదువు. అన్నిటికన్నా పైన, మూడో ఏట, ఎరుపు తీయడం. చూసుకుంటే చక్కగా ఉంది. ఒకటి, రెండు అని అంకెలు వేయాలని కూడా తోచలేదు. మా ఇంట్లో ఎవరూ వేయరు మరి.

కాగితం హైదరాబాద్ పోయింది. జవాబు కోసం ఎదురుచూసిన ఆ రోజుల్లో కాలేజీ వెనక గుట్ట మీద కూర్చునేవాణ్ణి. రాళ్ల మీద సాయంత్రపు వెలుగు మారుతుంటే, ఏ క్షణాన అవ్వ చెప్పిన ఎరుపులా అవుతుందోనని చూసేవాణ్ణి. చీకటి పడితే లేచి గదికి పోయేవాణ్ణి.

కమిటీ ఒప్పుకుంది. ప్రిన్సిపాల్ నన్ను పిలిచి, నా ధైర్యం చూసి వాళ్లు ఆశ్చర్యపోయారని చెప్పాడు. మొదటి ఏడే రంగు తీయడానికి పూనుకున్న కుర్రాణ్ణి ఎక్కడా చూడలేదన్నారట. అప్పుడర్థమైంది నాకు. వాళ్లు కాగితాన్ని పైనుంచి చదివారు. పొరపాటని చెప్పుకుని కాగితం తిప్పించుకుంటే ఏడాది పోతుంది. ఆ వారం ఇంటికి వెళ్లి బాపుకు చెబితే ఆయన మగ్గం ఆపి చాలాసేపు నవ్వాడు.

"వాళ్లు మీదికెల్లి సదివిండ్రు, మనం కిందికెల్లి గీసినం. గంతే గద. పో, షురూ జెయ్యి" అన్నాడు.

రసాయన శాస్త్రం చెప్పే మాస్టారు కోస్తా మనిషి. గుణింతం రాకుండా కావ్యం రాస్తానంటావేమిటోయ్ అని తల పట్టుకున్నాడు. అయినా లేబొరేటరీలో కిటికీ పక్కన నాకొక మూల ఇచ్చాడు. హుజూర్‌నగర్ అవతల, కృష్ణ ఒడ్డున ఇసుకలో చిరువేరు దొరికింది. ఆ సంచీ ఒళ్లో పెట్టుకుని బస్సులో ఊగుతూ వస్తుంటే, వేళ్ల మట్టి వాసనకు మత్తుగా ఉండేది. పటిక ఎంత వేయాలో, కరక్కాయ ముందో వెనకో ఏదీ తెలియదు. చేసి చూడడమే. ఒకసారి ఇటుక రంగు వచ్చింది, ఇంకోసారి పాత చింతపండు రంగు. శనివారం శనివారం చుట్టగా కట్టిన నూలు చిలప పట్టుకుని ఇంటికి పోయేవాణ్ణి. అవ్వ దాన్ని వాకిట్లోకి తీసుకుపోయి, కళ్లకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూసేది. గిది కాదు బిడ్డా అని మెల్లగా చేతిలో పెట్టేది.

వేసవి సెలవుల ముందు తీసుకుపోయిన చిలపను మాత్రం ఆమె వెంటనే ఇవ్వలేదు. ఎండలో అటూ ఇటూ తిప్పింది. వేళ్లతో నూలు విడదీసి చూసింది.

"గిప్పుడే గాదు" అంది చివరికి. "ఉతుకు. ఉతుకుతుంటె వస్తది."

బాపు ఆ నూలుతో చిన్న రుమాలు నేశాడు. అవ్వ దాన్ని ఎవరికీ ఇవ్వకుండా తనే ఉతుక్కుని, తనే ఆరేసుకునేది. ఆరేసి ఎదురుగా కూర్చునేది. నా రెండో ఏడు, వానలు పడుతున్నప్పుడు ఆమె పోయింది. నేను వెళ్లేసరికి రుమాలు దండెం మీదే ఉంది. బాపు దాన్ని మడిచి నా చేతికిచ్చాడు.

మూడో ఏడు చిన్న తరగతి పిల్లల మధ్య కూర్చుని ఓనమాలు నేర్చుకున్నాను. ఒక మధ్యాహ్నం మాస్టారు పటిక సంగతి చెప్పాడు. అది ఒక చేత్తో దారాన్ని, ఒక చేత్తో రంగును పట్టుకుంటుందట. గట్టిగా పట్టుబడిన రంగు ఉండిపోతుంది, ఊరికే పైన అంటుకున్న మట్టి ఛాయ ఉతుకుల్లో పోతుంది. అంటే ఎరుపు ఎక్కడం కాదు, లోపల ఉన్నదే బయటపడడం. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. బల్ల మీద తల వాల్చేశాను.

అలవాటు కొద్దీ ఆ శనివారం బస్సెక్కాను. అవ్వ కూర్చునే వసారా ఖాళీగా ఉంది. ఉతికినకొద్ది ఎరుపు ఎందుకు ఎక్కుతదో నాకు తెలిసింది గానీ అవ్వకు చెప్పే భాగ్యం లేకపోయిందని బాపుతో అన్నాను. ఆయన పోగు అతుకుతూ తల ఎత్తలేదు.

"కిందికెల్లి సక్కగ సదివితె ఎందుకో ముందే తెలుసుకునేటోనివి గని, ఆమెకు రంగు సూపెట్టకపోదువు" అన్నాడు. "ఆమె సూసే పోయింది గద."

ఆ రుమాలు నా దగ్గరే ఉంది. ఎండాకాలం వస్తే ఉతుకుతాను. ఆమె చెప్పినట్టే రంగు ఇంకా వస్తూనే ఉంది. ఇదేనా అవ్వా అని అడగడానికి ఎవరూ లేరు. అయినా ఆరేశాక, ఆమెలాగే కాసేపు ఎదురుగా కూర్చుంటాను.