రెండు పుస్తకాలు, ఒక ఫోను

ముప్పై ఏడు ఇళ్లకు వెళ్లి తప్పయిపోయిందని చెప్పుకోవాల్సిన పని నా నెత్తిన పడింది. పడిందేమిటి, నేనే కొని తెచ్చుకున్నాను. ఇప్పటికి పద్దెనిమిది ఇళ్లు అయ్యాయి. ఒకరు కుర్చీ వేశారు, ఒకరు తలుపు ముఖాన వేశారు. ఒకావిడ నేను చెప్పేది సగంలో ఉండగానే, "మీ ఆయన గురించి తెలుసు గానీ నీ సంగతే ఇన్నాళ్లూ తెలీలేదు" అంది. నిజమే, నాకే తెలీలేదు. ముందు మా ఆయన ఎలాంటివాడో చెప్పాలి. లేకపోతే నేను చేసిన పని ఎంతదో మీకు అంతుపట్టదు.

మా ఆయన దర్జీ. పెద్ద రోడ్డుకు వెనక సందులో, పైపుల దుకాణానికీ ఫోటో స్టూడియోకీ మధ్య ఇరుక్కున్న ఒక గది మా కొట్టు. రెండు మిషన్లు, కత్తిరించే బల్ల, మూల ఒక పరదా. మగవాళ్ల కొలతలు ఆయన తీస్తాడు. ఆడవాళ్లవి పరదా వెనక నేను తీసి పైకి చెబితే ఆయన ఇవతల కూర్చుని రాసుకుంటాడు. కాజాలు, బొత్తాలు, అంచులు నావి. నోరు కూడా నాదే. ఆయనకు రోజుకు పది మాటలు మాట్లాడితే ఎక్కువ.

ఆయనకు మనుషుల ముఖాలు గుర్తుండవు. పేర్లు అసలే గుర్తుండవు. ఒళ్లు గుర్తుంటుంది. ఒకసారి బస్సులో ముందు నిలబడ్డ మనిషి వీపు చూసి, "ఈయనకి ఆరేళ్ల కింద కోటు కుట్టాను, కుడి భుజం అరంగుళం దిగుతుంది" అని నా చెవిలో అన్నాడు. ఆ మనిషి ఇటు తిరిగి నవ్వుతూ పలకరిస్తే మాత్రం, "ఎవరండీ మీరు?" అన్నాడు. నేను నవ్వాపుకోలేక చచ్చాను.

ప్రతి ఒంట్లోనూ ఎక్కడో ఒక వంకర ఉంటుందట. కన్ను దాన్ని చూడాలి, చెయ్యి దాన్ని కప్పాలి, నోరు మాత్రం దాని ఊసెత్తకూడదు. పని నేర్పిన పెద్ద దర్జీ ఆయనకు చెప్పిన మొదటి పాఠం అది. అందుకే ఆయన దగ్గర రెండు పుస్తకాలుండేవి. నల్ల అట్ట పుస్తకంలో ఒక వరస నంబరు, కొలతలు, ఒంటి గుర్తు. ఎర్ర అట్ట పుస్తకంలో అదే వరస నంబరు, పక్కన ఫోను నంబరు. పేరు రెండింట్లోనూ ఉండదు. నల్లది బల్ల సొరుగులో, ఎర్రది ఇంట్లో బీరువా మీద. ఎవరికైనా ఫోను చేయాలంటే సాయంత్రం ఇంటికొచ్చి ఎర్రది దింపాలి. "ఒక పుస్తకంతో పోయేదానికి ఈ చాదస్తం ఏమిటండీ!" అని నేను ఎన్నిసార్లు వెక్కిరించానో లెక్కలేదు. "ఉండనీవే" అనేవాడు. అంతకంటే విడమరచి చెప్పడం ఆయనకు చేతకాదు, అడిగి తెలుసుకోవడం నాకు చేతకాదు.

ఇక ఫోను సంగతి. మా అక్క దూరదేశంలో ఒక ఆసుపత్రి బట్టలు ఉతికే చోట పని చేస్తుంది. మామూలు ఫోను చేస్తే తడిసి మోపెడవుతుందని నెట్ మీద మాట్లాడుకునేవాళ్లం. మాట్లాడుకోవడం అన్నది పేరుకే. మొదటి యాప్‌లో అక్క నోరు కదిలిన కాసేపటికి మాట వచ్చేది. "వినపడుతోందా?" "నీకు వినపడుతోందా?" అనే దాంతోనే సగం సమయం గడిచేది. ఒకరోజు అక్క, "మోకాలి నొప్పి తగ్గిందా?" అని అడిగింది. నా జవాబు దారిలో ఎక్కడో చిక్కుకుంది. ఈలోగా తను, "మీ ఆయన బాగా చూసుకుంటున్నాడా?" అంది. అప్పుడు చేరింది నా జవాబు: "ఎక్కడక్కా, నా మొహం!" అక్క భోరుమంది. ఆ ఏడుపూ ఆలస్యంగానే వచ్చింది, నాకేమో ఎందుకేడుస్తోందో అర్థం కాలేదు. ఆ ముడి విప్పుకోవడానికి వారం పట్టింది.

రెండో యాప్‌లో చక్రం తిరగడం తప్ప ఇంకేమీ జరగలేదు. మూడోది మాత్రం గంట కొట్టినట్టు పలికింది. పైగా మనం దాచుకోని నంబరు నుంచి ఫోను వచ్చినా, అది ఎవరిదో పేరుతో సహా చూపించేది. పెట్టుకునేటప్పుడు అదేదో అడిగింది, మీ ఫోన్లో ఉన్న నంబర్లూ పేర్లూ చూడనిస్తారా అని. సరే. ఇంకేదో అడిగింది. సరే. వంకాయ కొనాలంటే నాలుగువైపులా తిప్పి పుచ్చు వెతికేదాన్ని, అక్కడ ఒక్క అక్షరం చదవలేదు. ఎవరో తెలియని మనిషి పేరు తెర మీద వెలిగినప్పుడల్లా, "చూశారా, నా ఫోను ఎంత తెలివైందో!" అని మురిసిపోయేదాన్ని. ఆ పేర్లు దానికి ఎక్కడినుంచి వస్తున్నాయని ఒక్కసారి కూడా అనుకోలేదు. నాలాంటి వాళ్ల ఫోన్లలోంచే తోడుకుంటోంది మరి.

నా ఫోన్లో నంబర్లు అప్పటికే చిందరవందరగా ఉండేవి. "అక్క", "అక్క కొత్తది", "అక్క ఇది కాదు", "పాలు", "పాలు రెండు". కొట్టుకూ ఆ ఫోనే. చేసేవాళ్లు, "నేనండీ, మొన్న ఇచ్చి వెళ్లానే" అంటే ఆయన గుడ్లప్పగించి నావైపు చూసేవాడు. ఇదంతా ఒక దారికి తేవాలని నాకు బుద్ధి పుట్టింది. వినాశకాలే విపరీత బుద్ధి అని ఊరికే అనలేదు. ఎర్ర పుస్తకం బీరువా మీదనుంచి దింపాను, నల్ల పుస్తకం సొరుగులోంచి తీశాను. నాలుగు మధ్యాహ్నాలు కూర్చుని, ఎర్రదాంట్లోని నంబరుకు నల్లదాంట్లోని గుర్తును పేరుగా పెట్టుకుంటూ పోయాను. వట్టి కొలతలే ఉన్నవాళ్లకు వరస నంబరు పెట్టాను. ఒంటి గుర్తు ఉన్నవాళ్లు ముప్పై ఏడుగురు తేలారు.

మొదటిసారి ఫోను మోగి "కుడి భుజం దిగుడు" అని కనపడగానే ఆయన టక్కున ఎత్తి, "మీ కోటు రేపటికి అయిపోతుందండీ" అన్నాడు. నాకు ఏనుగెక్కినంత సంబరం. పెట్టేశాక ఆయన తెరవైపు మళ్లీ చూశాడు.

"ఇలా రాశావేంటే?"

"మన ఫోను, మన కొట్టు. ఎవరు చూడొచ్చారండీ?"

ఆయన కత్తెర అందుకున్నాడు. నా మాట నమ్మాడు.

మా దగ్గర పదకొండేళ్లుగా కుట్టించుకునే పాటల టీచరమ్మ ఒకరున్నారు. బడిలో పిల్లలను వరసగా నిలబెట్టి చేతులెత్తి పాడిస్తారు. నాలుగేళ్ల కిందట చాలా నెలలు కనపడలేదు. తర్వాత ఒక మధ్యాహ్నం వచ్చి, పరదా వెనక నిలబడి, నేను టేపు తీసేలోపే నా చెయ్యి పట్టుకున్నారు. ఎడమవైపు రొమ్ము తీసేశారు. "డాక్టరుకీ, మా అమ్మకీ తప్ప ఎవరికీ తెలీదు. బడిలో సెలవు పెట్టింది వేరే కారణం చెప్పి. నలుగురూ నన్ను జాలిగా చూస్తే నేను పాడలేనండీ" అన్నారు.

ఆ జాకెట్టు ఆయన మూడుసార్లు విప్పి కుట్టాడు. ఎడమవైపు అస్తరులో చిన్న సంచి, అందులో దూది. చేతులెత్తినా పక్కకు జరగకూడదు, రెండువైపులా ఒకే బరువు తెలియాలి. మూడోసారి తొడుక్కుని ఆవిడ అద్దం ముందు రెండు చేతులూ పైకెత్తారు, దించారు, మళ్లీ ఎత్తారు. ఆ జాకెట్టుతోనే వెళ్లిపోయారు. నల్ల పుస్తకంలో ఆయన ఒకే ఒక్క ముక్క రాసుకున్నాడు: "ఎడమ దూది".

నేను ఫోన్లో ఎక్కించింది అదే.

తర్వాత మూడు నెలలకు, పట్టపగలు, ఆవిడ కొట్టులోకి వచ్చారు. ఇచ్చిన గుడ్డ కోసం అనుకుని నవ్వుతూ లేచాను. ఆవిడ నావైపు చూడలేదు. తిన్నగా బల్ల దగ్గరికి వెళ్లారు.

"మా బడికి కొత్తగా వచ్చిన టీచరుకి ఇవాళ నేను ఫోను చేశానండీ. అందరం ఒకే గదిలో ఉన్నాం. ఆ అమ్మాయి ఫోను చూసి నవ్వేసి, 'ఇదేం పేరు మేడం, ఎడమ దూది అని వస్తోంది' అని గట్టిగా చదివింది. అందరూ నవ్వారు. తర్వాత ఒకావిడ నవ్వు ఆపేసి నావైపు చూసింది." ఆవిడ రెండు చేతులూ బల్ల మీద ఆనించి అడిగారు: "ఆ మాట మీరు ఎవరికి చెప్పారు?"

"నేను ఎవరికీ చెప్పలేదమ్మా" అన్నాడాయన. అలా అంటూనే మెల్లిగా తల తిప్పి నావైపు చూశాడు. నా చేతిలో సూది ఉంది. ఆ ఒక్క చూపులో ఆయనకు అంతా అర్థమైంది. యాప్ ఏమిటో ఆయనకు తెలీదు గానీ నా మొహం తెలుసు.

నేను నోరు తెరవాల్సింది అప్పుడే. వీధివీధంతా వినపడేలా వాగే ఈ నోరు తెరవాల్సిన సమయం ఏదైనా ఉందంటే అదే. నేను తల దించుకుని, కుట్టాల్సిన బొత్తాం ఇంకా ఉన్నట్టు దారం లాగుతూ నిలబడ్డాను.

"తప్పు నాదేనమ్మా" అన్నాడు మా ఆయన. "రాసింది నేనే."

ఆవిడ తన గుడ్డ మడతపెట్టి తీసుకుని వెళ్లిపోయారు. ఆయన మెడలోంచి టేపు తీసి మేకుకు తగిలించాడు. ఇరవై తొమ్మిదేళ్లలో సాయంత్రం కాకముందే ఆ టేపు మేకెక్కడం నేను చూడలేదు. నన్ను తిట్టలేదు. తిడితే ఎంత బాగుండేదో! చెంప పగలగొట్టినా పడి ఉండేదాన్ని. ఇంటికెళ్లేటప్పుడు మాత్రం అన్నాడు, "ఏ పుస్తకమైనా ఒక్కటే దొరికితే ఎవరికీ ఏమీ తెలియకూడదని రెండు పెట్టానే." అంతే.

మర్నాడు ఫోన్లో ముప్పై ఏడు పేర్లూ చెరిపేశాను. యాప్ కూడా తీసేశాను. పక్కనే ఉన్న స్టూడియో ఆయన ఫోనులో అదే యాప్ తెరిచి ఒక నంబరు కొట్టి చూస్తే, నేను పెట్టిన గుర్తు అలాగే నిగనిగలాడుతోంది. నా దగ్గర చెరిపితే ఏమొస్తుంది, అది ఎప్పుడో దాటిపోయింది. కంపెనీకి రాస్తే మీ అభిప్రాయానికి ధన్యవాదాలు అని జవాబు. స్టూడియో ఆయనే వెతికి చెప్పాడు: "ఆ నంబరు ఎవరిదో వాళ్లే మార్చుకోవాలమ్మా. వాళ్ల ఫోనుకి ఓటీపీ వస్తుంది. అది కొడితేనే పాత పేరు పోతుంది." అంటే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి, మీ వంకర నేను ఊరంతా చాటాను, కాస్త ఓటీపీ చెప్పండి అని అడగాలి.

పిరికిదాన్ని కదా, సులువైన చోట మొదలుపెట్టాను. పైపుల దుకాణం ఆయన గుర్తు "పొట్ట మూడంగుళాలు". ఆయన పడీపడీ నవ్వి, "మూడేనా? మీ ఆయన మర్యాదస్తుడమ్మా!" అన్నాడు. ఆ నవ్వుకు ధైర్యం తెచ్చుకుని ఆ సాయంత్రమే టీచరమ్మ ఇంటికి వెళ్లాను.

ఆవిడే తలుపు తీశారు. ఒంటి మీద వదులుగా ఒక శాలువా కప్పుకుని ఉన్నారు. మా ఆయన కుట్టిన జాకెట్టు వేసుకోలేదు. గడపలోనే నిలబడి చెప్పేశాను. రెండు పుస్తకాలు, నాలుగు మధ్యాహ్నాలు, చదవకుండా నొక్కిన సరేలు.

"ఆయనకి ఏ పాపం తెలీదండీ. రెండు పుస్తకాలూ కలిపిందీ నేనే, ఫోన్లో ఎక్కించిందీ నేనే."

"తెలుసు" అన్నారావిడ. "ఆ రోజు మీరు లేని బొత్తానికి దారం లాగడం చూశాను. మీరు చెప్తారేమో అని కాసేపు ఆగాను కూడా."

సిగ్గుతో చచ్చిపోయాను. "బడిలో...?" అన్నాను.

"ఇప్పుడు అందరూ నాతో చాలా మెల్లిగా మాట్లాడుతున్నారు" అన్నారు.

ఫోనులో యాప్ మళ్లీ ఎక్కించుకుని వచ్చాను. ఆవిడ నంబరు కొట్టాను. లోపల బల్లమీద ఆవిడ ఫోను మోగింది. ఆవిడ తెచ్చి ఆరు అంకెలూ చదివారు, నేను కొట్టాను. "ఎడమ దూది" పోయింది. దాని చోట ఖాళీ గడి వచ్చింది, పైన ఒక ప్రశ్న: సరైన పేరు ఏమిటి?

నా వేలు గడి మీద ఆగిపోయింది. పదకొండేళ్లు. ఆవిడ మెడ చుట్టుకొలత తెలుసు, భుజం నుంచి మోచేతికి ఎంతో తెలుసు, ఆవిడ ఒంట్లో ఏది లేదో తెలుసు. పరదా వెనక ఎన్నిసార్లు ఆ వీపుకు టేపు చుట్టానో! తల పైకెత్తలేక గడప వైపే చూస్తూ అడిగాను.

"మీ పేరేంటండీ?"

ఆవిడ నా చేతిలోంచి ఫోను తీసుకుని, తనే ఒక్కొక్క అక్షరం కొట్టి, నాకు చూపించి, తలుపు వేసుకున్నారు.

చాలా అందమైన పేరు. ఇక్కడ రాయను. ఆవిడ సంగతి ఒకసారి రాసినందుకే ఇంత జరిగింది.